డెస్క్ మీది పనిముట్లు: ఏది ఏ తప్పును పట్టుకుంటుంది, దేన్ని వదిలేస్తుంది

వార్తలు రాసేవాళ్లకు, దిద్దేవాళ్లకు ఇప్పుడు ఉచితంగా దొరికే పనిముట్లకు లోటు లేదు. అక్షరదోషాల కింద ఎర్రగీత గీసేవి, అనువదించేవి, మాటను అక్షరాల్లోకి దించేవి, ఫొటో ఎక్కడిదో వెతికిపెట్టేవి, అడిగిందానికల్లా జవాబు చెప్పే చాట్‌బాట్‌లు. దేని ప్రచారం దానిదే. డెస్క్‌లో (వార్తలు దిద్దే విభాగంలో) కూర్చున్నవాళ్లకు మాత్రం తెలియాల్సింది ఒకటే: అచ్చుకు వెళ్లేలోపు ఏ రకం తప్పును ఏది ఆపుతుంది? ఈ సమీక్షలో మార్కులన్నీ ఆ లెక్కన వేసినవే.

పరీక్షకు ఈ ముక్క పెట్టుకుందాం. కావాలని తప్పులు దూర్చి రాసిన కల్పిత వార్త ఇది.

"మంగళవారం (03-04-2025) రాత్రి లారీ ఢీకొన్న కారులో డ్రైవర్‌తో పాటు నలుగురు గాయపడ్డారు. గాయపడిన డ్రైవర్ సోదరుడిని ఆస్పత్రికి తరలించారు. ఉష్ణోగ్రత సాధారణం కంటే 5 డిగ్రీల సెల్సియస్ (41 డిగ్రీల ఫారెన్‌హీట్) పడిపోవడంతో రోడ్డుపై మంచు పేరుకుంది. ఈ మార్గంలో నిరుడు 40 ప్రమాదాలు జరగ్గా ఈ ఏడాది 60 జరిగాయని, అంటే 33 శాతం పెరిగాయని అధికారి ఒప్పుకున్నారు. రోడ్డు మరమ్మతుకు 1.2 బిలియన్ డాలర్లు (12 కోట్ల డాలర్లు) కావాలన్నారు."

అక్షరదోషం ఒక్కటీ లేదు. చదువుతుంటే ఎక్కడా తట్టుకోదు కూడా. అయినా ప్రతి వాక్యంలో ఏదో ఒక తప్పో, తికమకో ఉంది.

అక్షరదోషాల తనిఖీ

వర్డ్, గూగుల్ డాక్స్‌లో ఉన్నవీ, లిబ్రే ఆఫీస్, ఫైర్‌ఫాక్స్ వాడే హన్‌స్పెల్ కూడా చేసేది దాదాపు ఒకే పని: రాసిన మాట తమ జాబితాలో ఉందో లేదో చూడటం. తెలుగులో విభక్తులు, ప్రత్యయాలు, సంధులు మాటకే అతుక్కుంటాయి కాబట్టి సరైన మాటల కింద కూడా ఎర్రగీతలు పడుతూనే ఉంటాయి. పేజీ అంతా ఎర్రబడితే కన్ను అలవాటుపడిపోతుంది, నిజంగా తప్పున్న చోట కూడా ఆగదు. ఇక తప్పు మాట కూడా నిఘంటువులో ఉన్న మాటే అయితే ఎర్రగీతే ఉండదు. 'మృతుడు' రాయాల్సిన చోట 'మిత్రుడు' పడినా, 'పరిహారం' కాస్తా 'పరిహాసం' అయినా దానికి అంతా సవ్యమే.

పేర్ల విషయంలో దీన్ని ఒక మేరకు పనికి పెట్టుకోవచ్చు. తరచూ వచ్చే పేర్లు, ఊళ్లు, పదవుల సరైన రూపాలను సొంత నిఘంటువులో చేరిస్తే, వాటిలో అక్షరం తేడా వచ్చినప్పుడు గీత పడుతుంది. కానీ చేర్చే ముందే సంతకమో, అధికారిక జాబితానో చూసి నిర్ధారించుకోవాలి. ఒకసారి తప్పు పేరు లోపలికి వెళ్లిందంటే, ఆ తర్వాత అది ఎన్నిసార్లు వచ్చినా గీత పడదు.

దీని పక్కనే ఉండే 'వెతికి మార్చు' గురించి ఒక హెచ్చరిక. 'కారు' అన్న చోటల్లా 'వాహనం' పెట్టమని 'అన్నీ మార్చు' నొక్కి చూడండి. 'అధికారులు' కాస్తా 'అధివాహనంలు' అవుతారు, 'పుకారు' 'పువాహనం' అవుతుంది. పూర్తి మాటలనే మార్చమంటే 'కారులో', 'కారును' అలాగే మిగిలిపోతాయి. ఇంగ్లిష్‌లోనూ ఇంతే. 2008లో అమెరికాలో ఒక వార్తా వెబ్‌సైట్ ఒక మాటకు బదులు ఇంకో మాటను యంత్రం చేత మార్పించుకుంటూ ఉండేది. ఆ మాటే ఇంటిపేరుగా ఉన్న స్ప్రింటర్ టైసన్ గే ఒలింపిక్ అర్హత పోటీల్లో గెలిచినప్పుడు, ఆ వార్తలో ఆయన పేరే మారిపోయింది. ఒక్కోచోటా ఆగి, చూసి మార్చడమే సురక్షితం. తెలుగులోనైతే వేరే దారి లేదు.

మార్కు: పేర్లకు పనికొస్తుంది. వాస్తవాలకు సున్నా.

స్ప్రెడ్‌షీట్

ఈ సమీక్షలో అందరికంటే ఎక్కువ మార్కులు దీనికే. ఎక్సెల్ అయినా, గూగుల్ షీట్స్ అయినా, లిబ్రే ఆఫీస్ కాల్క్ అయినా ఒకటే. ఎవరూ దీన్ని వార్తల పనిముట్టుగా చూడరు కానీ, ఆ ముక్కలో ఉన్న తప్పుల్లో సగం ఇక్కడే దొరికిపోతాయి.

ముందు తేదీ. 03-04-2025 అంటే నెల ముందు రాసే అమెరికా పద్ధతిలో మార్చి 4, రోజు ముందు రాసే పద్ధతిలో ఏప్రిల్ 3. వార్తా ఏజెన్సీ పంపిన కాపీలో ఏ పద్ధతి వాడారో అంకెలు చెప్పవు, వారం చెబుతుంది. ఖాళీ గడిలో =TEXT(DATE(2025,3,4),"dddd") అని కొడితే మంగళవారం అని వస్తుంది. అదే ఏప్రిల్ 3 పెడితే గురువారం. వార్తలో మంగళవారం అని ఉంది కాబట్టి అది మార్చి 4. తేదీని నేరుగా 03-04-2025 అని కొట్టకూడదు. కంప్యూటర్‌లో ఏ దేశపు సెట్టింగ్ ఉంటే ఆ లెక్కన అదే ఏదో ఒకటి అనుకుని, మనకు చెప్పకుండా మార్చేసుకుంటుంది. ఏడాది, నెల, రోజు విడివిడిగా ఇవ్వమనేది అందుకే. పాత సంగతులు రాసేవాళ్లకు ఇంకో మాట: ఎక్సెల్ 1900ను లీపు సంవత్సరం అనుకుంటుంది, అది కాదు. కాబట్టి 1900 జనవరి, ఫిబ్రవరి తేదీలకు అది చెప్పే వారం తప్పు. అంతకు ముందు తేదీలను అసలు తీసుకోదు.

తర్వాత శాతం. సూత్రం: కొత్తది మైనస్ పాతది, దాన్ని పాతదానితో భాగించాలి. =(60-40)/40 అంటే 0.5, అంటే 50 శాతం పెరుగుదల. ముక్కలో ఉన్న 33 ఎక్కడి నుంచి వచ్చింది? 20ని పాత 40తో కాకుండా కొత్త 60తో భాగిస్తే వచ్చింది. శాతాల తప్పుల్లో ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. దీని తోబుట్టువు వడ్డీ రేట్ల వార్తల్లో కనిపిస్తుంది. రేటు 4 శాతం నుంచి 5 శాతానికి వెళ్తే పెరిగింది ఒక శాతం పాయింటు. శాతంలో చెప్పాలంటే 25 శాతం. 'వడ్డీ రేటు ఒక శాతం పెరిగింది' అని రాస్తే, లెక్క ప్రకారం 4 నుంచి 4.04కు వెళ్లినట్టు. ఇంకొకటి: 50 శాతం పెరిగి, మళ్లీ 50 శాతం తగ్గితే మొదటికి రాదు. 100 కాస్తా 150 అయి, అక్కడి నుంచి 75కు పడుతుంది. 'మూడు రెట్లు పెరిగింది' అన్నది కూడా చిక్కే. 100 ఇప్పుడు 300 అయిందా, 400 అయిందా? 'మూడు రెట్లు అయింది' అని రాసి, పక్కనే రెండు అంకెలూ ఇస్తే గొడవ ఉండదు.

ఆ 50 శాతం కూడా నమ్మదగింది కాదు. ప్రమాదం మార్చి 4న జరిగింది. ఈ ఏడాది 60 అంటే రెండు నెలల లెక్క. నిరుడు 40 అంటే పన్నెండు నెలలదా, అవే రెండు నెలలదా? పన్నెండు నెలలదైతే అసలు కథ వేరు, వార్త శీర్షికే మారిపోతుంది. ఏ సాఫ్ట్‌వేరూ దీన్ని అడగదు. కానీ రెండు అంకెల పక్కనా 'ఏ కాలానికి' అని ఒక గడి పెట్టుకుంటే, అది ఖాళీగా ఉన్న సంగతి కంటికి కనబడుతుంది.

ఉష్ణోగ్రత తప్పు సెర్చ్ పెట్టెలోని కన్వర్టర్ పుణ్యం. 5 డిగ్రీల సెల్సియస్ అని కొడితే అది 41 ఫారెన్‌హీట్ అని ఇస్తుంది, అది సరైనదే. కానీ వార్తలో ఉన్నది ఉష్ణోగ్రత కాదు, ఉష్ణోగ్రతలో తేడా. తేడాను 1.8తో గుణించాలి, 32 కలపకూడదు. 5 డిగ్రీల సెల్సియస్ తగ్గుదల అంటే 9 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గుదల. ఉష్ణోగ్రత 41 ఫారెన్‌హీట్ డిగ్రీలు పడిపోవడమంటే దాదాపు 23 సెల్సియస్ డిగ్రీలు పడిపోవడం. వాతావరణ మార్పుల వార్తల్లో ఈ తప్పుకు కాపు కాయాలి.

చివరి వాక్యంలో 1.2 బిలియన్. మిలియన్ 10 లక్షలు, బిలియన్ 100 కోట్లు, ట్రిలియన్ లక్ష కోట్లు. కాబట్టి 120 కోట్లు, 12 కాదు. గుర్తుపెట్టుకోవడం కంటే షీట్‌లో ఒక మూల ఈ మూడు గుణకాలు రాసి పెట్టి, ప్రతిసారీ వాటితోనే గుణించడం మేలు. గడువు దగ్గరపడ్డప్పుడు సున్నాలు లెక్కపెట్టేవాళ్లే ఎక్కువగా జారిపడతారు.

షీట్లకూ జబ్బులున్నాయి. స్కోరో, నిష్పత్తో అనుకుని 3-4 అని కొడితే అది తేదీ అయి కూర్చుంటుంది. ముందే ఆ వరుసను 'టెక్స్ట్'గా మార్చుకోవాలి. ఎక్సెల్ పాత రకం ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైల్‌లో 65,536 వరుసలకు మించి పట్టవు. 2020 అక్టోబరులో ఇంగ్లాండ్‌లో 15,841 కరోనా కేసులు రోజువారీ లెక్కల్లోకి రాకుండా పోవడానికి కారణం ఈ పరిమితే. పెద్ద ఫైల్ అందినప్పుడు మొదట చూడాల్సింది ఆఖరి వరుస. అది సరిగ్గా 65,536 దగ్గర ఆగిందంటే, మిగతా డేటా ఎక్కడుందని ఇచ్చినవాళ్లను అడగాలి.

వినిపించే సౌకర్యం, రెండర్థాల వాక్యాలు

వర్డ్‌లోనూ, దాదాపు ప్రతి ఫోన్‌లోనూ రాసింది చదివి వినిపించే సౌకర్యం ఉంది. గొంతు ఎంత మరబొమ్మలా ఉంటే మనకు అంత మంచిది. మనం చదివితే మన మనసులో ఉన్నది చదువుతాం, అది కాగితం మీద ఉన్నది చదువుతుంది. ఎగిరిపోయిన మాట, రెండుసార్లు పడిన మాట, ఊపిరి అందని వాక్యం దీనికి దొరుకుతాయి. ముఖ్యంగా తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి, 'కోట్లు దండుకున్నారని, కాగితాలు తారుమారు చేశారని, అడిగినవాళ్లను బెదిరించారని ప్రతిపక్ష నేత ఆరోపించారు' లాంటి వాక్యంలో అది ఆరోపణ అన్న సంగతి ఆఖరి మాట దాకా తెలియదు. చెవితో వింటే ఈ ఆలస్యం వెంటనే తెలుస్తుంది. అన్నవాళ్లను ముందుకు తెచ్చి, 'ప్రతిపక్ష నేత ఆరోపణ ఇది:' అని మొదలుపెట్టి వాక్యాన్ని రెండుగా కోస్తే సరిపోతుంది.

రెండర్థాలను మాత్రం చెవి కూడా పట్టుకోలేదు. 'లారీ ఢీకొన్న కారు' అంటే లారీ వచ్చి గుద్దిన కారా, వెళ్లి లారీని గుద్దిన కారా? స్థలం మిగలాలని శీర్షికల్లో 'ని', 'ను' తీసేయడం డెస్క్‌కు అలవాటు, అదే అలవాటు వార్తలోకి కూడా దిగిపోతుంది. తప్పు ఎవరిదన్నది ఆ ఒక్క అక్షరం మీద ఆధారపడి ఉంది. 'కారును లారీ ఢీకొంది' అనో, 'లారీని కారు ఢీకొంది' అనో రాయాలి. ఇంకా విచారణ తేలకపోతే 'కారు, లారీ ఢీకొన్నాయి' అన్నది న్యాయం.

'డ్రైవర్‌తో పాటు నలుగురు' అంటే మొత్తం నలుగురా, ఐదుగురా? చదివినవాళ్లు సగం మంది అలా, సగం మంది ఇలా అనుకుంటారు. 'డ్రైవర్, నలుగురు ప్రయాణికులు, మొత్తం ఐదుగురు' అని మొత్తం వేసేస్తే అయిపోతుంది. 'గాయపడిన డ్రైవర్ సోదరుడు' కూడా ఇలాంటిదే. గాయం డ్రైవర్‌కా, సోదరుడికా? విశేషణాన్ని అది వర్తించే మాటకు ఆనించి రాయాలి: 'డ్రైవర్ సోదరుడు కూడా గాయపడ్డారు. ఆయన్ను ఆస్పత్రికి తరలించారు.' అయితే ఈ మూడు వాక్యాల్లో ఏ ఒక్కదాన్నీ డెస్క్ తనంతట తాను సరిచేయకూడదు. రెండర్థాల్లో ఏది నిజమో విలేకరికే తెలుసు. ఊహించి దిద్దితే, అస్పష్టంగా ఉన్నది స్పష్టమైన తప్పు అవుతుంది. ఫోన్ చేసి అడిగేదాకా ఆ వాక్యం ఆగాల్సిందే.

'ఒప్పుకున్నారు' సంగతీ చూడాలి. అధికారి అంకె చెప్పారు, అంతే. 'ఒప్పుకున్నారు' అంటే అంతవరకు దాచినట్టు. 'వెల్లడించారు', 'స్పష్టం చేశారు' అంటే ఆయన అన్నది నిజమని మనమే ముద్ర వేసినట్టు. 'ఖండించారు' అన్నిటికంటే ప్రమాదం. 'దాడి వార్తలను ఖండించారు' అంటే దాడి జరగలేదన్నారా, జరిగిన దాడిని తప్పుబట్టారా? 'అన్నారు', 'చెప్పారు' చప్పగా ఉంటాయని మార్చే వాళ్లున్నారు. వార్తకు ఆ చప్పదనమే కావాలి.

అనువాద యంత్రాలు

గూగుల్ ట్రాన్స్‌లేట్ 2016 చివర్లో న్యూరల్ పద్ధతికి (ముక్కముక్కలుగా కాక వాక్యం మొత్తాన్ని చూసి అనువదించే పద్ధతికి) మారింది. 2017లో తెలుగు కూడా ఆ పద్ధతిలోకి వచ్చింది. దానితో ఒక మేలు, ఒక కీడు. మేలు అందరికీ కనిపిస్తుంది: వాక్యం సాఫీగా వస్తుంది. కీడు ఏమిటంటే, పాత అనువాదంలో తప్పు ఉన్న చోట వాక్యం కూడా కుంటేది, ఇప్పుడు కుంటదు. ఒక ఉపవాక్యం మొత్తం ఎగిరిపోయినా, 'కాదు' కాస్తా 'అవును' అయినా చదవడానికి బాగానే ఉంటుంది.

అందుకే అనువాదాన్ని చదివి ఒప్పుకోకూడదు, మూలం పక్కన పెట్టి లెక్కపెట్టాలి. మూలంలో ఎన్ని అంకెలు, ఎన్ని పేర్లు, ఎన్ని 'కాదు, లేదు, తప్ప'లు ఉన్నాయో అనువాదంలోనూ అన్ని ఉండాలి. ఈ మూడింటినీ మూడు రంగులతో గుర్తుపెట్టుకుంటే, ఏజెన్సీ కాపీ ఎంత పెద్దదైనా పని తొందరగా తెములుతుంది. అనువాదాన్ని మళ్లీ వెనక్కి అనువదించి చూసే పద్ధతి ఎగిరిపోయిన ముక్కలను పట్టుకుంటుంది కానీ, రెండర్థాలను పట్టుకోదు. యంత్రం మొదటిసారి ఊహించిన అర్థాన్నే రెండోసారీ నిజమనుకుని తిప్పి ఇస్తుంది.

ఇంగ్లిష్ చెప్పని సంగతులను తెలుగు చెప్పి తీరాల్సి వచ్చే చోట యంత్రం ఊహిస్తుంది. చెప్పింది ఆడా మగా తెలియకపోతే 'చెప్పాడు' అని పెట్టేస్తుంది. 'చెప్పారు' అంటే రెండు విధాలా చెల్లుతుంది. బంధుత్వాలు ఇంకా కష్టం. మేనమామో, బాబాయో, పెదనాన్నో ఇంగ్లిష్‌లో ఒకటే మాట. ఆస్తి తగాదా, హత్య కేసు వార్తల్లో ఆ తేడా కీలకం. మూలంలో వివరం లేకపోతే 'సమీప బంధువు' అని ఆగిపోవాలి. అక్కా చెల్లా తెలియకపోతే 'సోదరి' ఉండనే ఉంది.

మాటను అక్షరంలోకి దించేవి

ఓపెన్‌ఏఐ 2022 సెప్టెంబరులో విస్పర్ అనే ఈ రకం పనిముట్టును విడుదల చేశాక, గంటల కొద్దీ ప్రెస్‌మీట్ రికార్డింగులు నిమిషాల్లో కాగితం మీదికి వస్తున్నాయి. కానీ ఇవి వినబడనిది కూడా రాస్తాయి. 2024లో పరిశోధకులు పరీక్షించిన ఆడియో ముక్కల్లో సుమారు 1 శాతంలో ఎవరూ అనని వాక్యాలను విస్పర్ కల్పించినట్టు తేలింది. మాట మధ్యలో నిశ్శబ్దం ఎక్కువగా ఉన్న రికార్డింగుల్లో ఈ బెడద ఎక్కువ. నూటికి ఒకటే కదా అనుకుంటే, ఆ ఒకటి కొటేషన్ గుర్తుల మధ్య పడితే పరువు నష్టం కేసు.

తెలుగు వక్తలతో ఇంకో చిక్కు. మనకు వ్యతిరేకార్థం వాక్యం చివరి అక్షరాల్లో ఉంటుంది. 'అంగీకరిస్తాం', 'అంగీకరించం'. 'ఉంటుంది', 'ఉండదు'. మాట ముగిసే చోట గొంతు తగ్గడం మామూలే, చప్పట్లు పడేదీ అక్కడే. అంకెల్లో 'ఇరవై', 'అరవై' మైకులో ఒకేలా వినిపిస్తాయి. కాబట్టి ట్రాన్స్‌క్రిప్ట్‌ను విషయసూచికలా వాడాలి. ఏ నిమిషంలో ఏ విషయం వచ్చిందో అది చూపిస్తుంది, అక్కడికి వెళ్లి వినడం మన పని. కొటేషన్‌గా వాడే ప్రతి వాక్యాన్నీ, దాని ముందు వాక్యంతో సహా ఆడియోలో వినాలి. వాడిన చోట నిమిషం, సెకను కాపీలో వ్యాఖ్యగా పెడితే, తర్వాత ఎవరైనా అభ్యంతరం చెప్పినప్పుడు వెతుకులాట ఉండదు.

చాట్‌బాట్‌లు

వీటిని ప్రశ్నలడగడానికి వాడితే మంచి పనిముట్లు, జవాబులు చెప్పించుకోవడానికి వాడితే ప్రమాదం. 2023 జనవరిలో సాంకేతిక వార్తల సీనెట్ వెబ్‌సైట్ యంత్రం చేత రాయించిన 77 ఆర్థిక వ్యాసాలను తిరిగి పరిశీలించి, 41కి సవరణలు వేసుకోవాల్సి వచ్చింది. వాటిలో ఒకదానిలో, 10,000 డాలర్లు 3 శాతం చక్రవడ్డీకి వేస్తే మొదటి ఏడాదికి 10,300 డాలర్లు సంపాదిస్తారని ఉంది. సంపాదించేది 300, ఖాతాలో ఉండేది 10,300. లెక్క సరే, మాట తప్పు. ఇలాంటి తప్పే మనిషి కన్నుకు ఆనదు. 2025 మేలో షికాగో సన్-టైమ్స్‌లో వచ్చిన వేసవి పుస్తకాల జాబితాలో 15కి గాను 10 అసలు లేనే లేని పుస్తకాలు. రచయితలు మాత్రం నిజమైనవాళ్లు. ఆ ఏడాది అక్టోబరులో యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ ప్రకటించిన పరిశీలన ప్రకారం, వార్తల మీద అడిగిన ప్రశ్నలకు ఈ చాట్‌బాట్‌లు ఇచ్చిన జవాబుల్లో 45 శాతంలో కనీసం ఒక పెద్ద లోపం ఉంది.

పనికొచ్చే తీరు ఇది. వార్త పెట్టి ఇలా అడగాలి: 'ఇందులో సరిచూడాల్సిన పేర్లు, అంకెలు, తేదీలు, ఎవరన్నారన్న వివరాలు వరసగా రాయి. రెండర్థాలు వచ్చే వాక్యాలు చూపించు. ఏదీ దిద్దవద్దు, కొత్త సమాచారం చేర్చవద్దు.' ఆ చివరి వాక్యమే ముఖ్యం. దిద్దమంటే భాష నునుపు చేస్తూ కొటేషన్లలోని మాటలు కూడా మార్చేస్తుంది. మన పరీక్ష ముక్కలోని 'నలుగురు'ను అది ఎత్తి చూపించవచ్చు, 'ఏ కాలానికి' అని కూడా అడగవచ్చు. చూపించలేదంటే తప్పు లేదని మాత్రం కాదు. ఇంకా అచ్చుకాని వార్తను, అందులోనూ బాధితుల పేర్లున్నదాన్ని బయటి సర్వర్‌లోకి పంపేముందు పేర్లు తీసేయాలి. ఈ జాగ్రత్త తీసుకోని డెస్క్‌లు చాలానే ఉన్నాయి.

ఫొటోలు, పాత పేజీలు

ఫొటో కింది వాక్యం కూడా వార్తే. గూగుల్ లెన్స్ పోలికలున్న బొమ్మలను వెతుకుతుంది, కెనడాకు చెందిన టిన్‌ఐ అదే బొమ్మ ఇతర కాపీలను వెతుకుతుంది. ఫొటో పాతదా కొత్తదా తేల్చాలంటే టిన్‌ఐలో ఫలితాలను 'పాతవి ముందు' వరసలో పెట్టాలి. అక్కడ కనిపించే తేదీ టిన్‌ఐకి ఆ బొమ్మ దొరికిన తేదీ, ఫొటో తీసిన తేదీ కాదు. ప్రమాదం కంటే ముందు తేదీతో దొరికితే ఫొటో ఈ ప్రమాదానిది కాదని రుజువు. ఏమీ దొరక్కపోతే ఏదీ రుజువు కానట్టే. వీడియో అయితే బ్రౌజర్‌లో చేర్చుకునే ఇన్‌విడ్ ప్లగిన్‌తో ముఖ్యమైన ఫ్రేములు తీసి, ఒక్కొక్కటీ వెతకాలి. విలేకరి పంపే ఒరిజినల్ ఫొటోను వాట్సాప్‌లో ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపమనాలి. ఫొటోగా పంపితే తీసిన సమయం, స్థలం వివరాలు దారిలోనే రాలిపోతాయి.

వెబ్ పేజీల పాత ప్రతులను దాచిపెట్టే వేబ్యాక్ మెషిన్‌ది ఇంకో రకం ఉపయోగం. అధికారిక ప్రకటనను ఆధారం చేసుకుని రాసినప్పుడు, ఆ పేజీని అప్పుడే అందులో భద్రపరిస్తే, రేపు వాళ్లు అంకె మార్చుకున్నా మన దగ్గర నిన్నటిది ఉంటుంది. లింకులోని 14 అంకెలు ఏడాది, నెల, రోజు, గంట, నిమిషం, సెకను. అది ఏ దేశపు సమయమూ కాదు, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం). 20250304183000 అంటే యూటీసీలో మార్చి 4 సాయంత్రం 6.30, భారత కాలమానంలో అప్పుడే మార్చి 5 మొదలైంది. 'ప్రకటనను 4వ తేదీనే మార్చారు' అని రాసేముందు ఈ కూడిక చేసుకోవాలి. 2024 అక్టోబరులో సైబర్ దాడి తర్వాత ఈ సేవ కొన్ని రోజుల పాటు ఆగిపోయింది కాబట్టి, పేజీని పీడీఎఫ్‌గా కూడా దాచుకోవాలి. ఫైల్ పేరులో తేదీని 2025-03-04 తీరులో రాస్తే ఫోల్డర్‌లో అవే వరసగా పడతాయి, ఏది నెలో ఏది రోజో అడిగే పని కూడా ఉండదు.